కొత్త వంటింట్లో పెద్ద ఫ్రిజ్: గూడు ఎంత వదలాలి? ఏది కొనాలి?

కరకంబాడి_రోడ్డు:
అందరికీ నమస్కారం. తిరుపతి కరకంబాడి రోడ్డులో మా ఇల్లు పూర్తి కావచ్చింది. వంటింట్లో కప్‌బోర్డుల పని మొదలుపెట్టే ముందు ఫ్రిజ్‌కు ఎంత చోటు వదలాలో చెప్పమని ఇంటీరియర్ వాళ్లు తొందరపెడుతున్నారు. 36 అంగుళాల గూడు చాలంటున్నారు. 600 లీటర్లు దాటినది తీసుకోవాలని ఉంది. లక్షన్నర వరకు పెట్టగలం. ఇంట్లో ఆరుగురం. అదీగాక మా ఇల్లు ఎప్పుడూ సత్రమే. దర్శనానికి వచ్చే బంధువులు కొండ ఎక్కే ముందు ఒక పూట, దిగాక ఒక పూట మా దగ్గరే ఉంటారు. దుకాణానికి వెళ్తే తలుపు మీది తెర గురించి, వైఫై గురించి తప్ప ఇంకో మాట చెప్పడం లేదు. ఏ కంపెనీ మంచిదో, ఏ మోడల్ మంచిదో చెప్పండి.

తిరుచానూరు_అక్క:
కంపెనీ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. మీ ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి పెట్టే గిన్నె ఎంత వెడల్పో ముందు కొలవండి. ఆరుగురికి, వచ్చే పోయే వాళ్లకు కలిపి రుబ్బే పిండి చిన్న డబ్బాలో పట్టదు కదా.

నిలువునా రెండుగా చీలిన పక్కపక్క తలుపుల ఫ్రిజ్‌లో ఒక వైపు ఫ్రీజర్, ఒక వైపు ఫ్రిజ్. బయటికి బీరువాలా కనిపిస్తుంది కానీ లోపల ఒక్కో అర ఇరుకు. పెళ్లిళ్లకు వాడే తాంబాళం, వెడల్పాటి పులిహోర పళ్లెం అడ్డంగా దూరవు. పైన రెండు తలుపులు తెరుచుకుని కింద ఫ్రీజర్ సొరుగులు ఉండే ఫ్రెంచ్ డోర్ రకంలో పైభాగం మొత్తం ఒకే వెడల్పు, పెద్ద గిన్నె హాయిగా కూర్చుంటుంది. రోజూ తీసే పెరుగు, పాలు, కూరలు నడుము ఎత్తులో ఉంటాయి, వంగే పని ఫ్రీజర్‌కు మాత్రమే. మాంసం, చేపలు ఎక్కువగా నిల్వ పెట్టే ఇంటికి పక్కపక్క తలుపులదే మేలు, ఎందుకంటే దాని ఫ్రీజర్ పెద్దది. మీ వంట ఎటువంటిదో మీకే తెలియాలి.

ఇంకొక్క మాట. ఫ్రీజర్‌కు, ఫ్రిజ్‌కు వేర్వేరు శీతలీకరణ ఉన్న మోడల్ అవునో కాదో అడగండి. రెండింటికీ ఒకే గాలి తిరిగే వాటిలో శుక్రవారం పూజకు తెచ్చిన మల్లెపూల వాసన పెరుగుకు, పనసతొనల వాసన మంచుముక్కలకు పడుతుంది. మా పాత ఫ్రిజ్‌లో మామిడికాయల రోజుల్లో మజ్జిగ కూడా తోతాపురి వాసనే.

చల్లకుండ:
లక్షన్నర పోసి పెరుగు పులవకుండా చూసుకోవడం! మా నాయనమ్మ ఉట్టి మీద పెట్టేది, పైసా ఖర్చు లేదు.

తిరుచానూరు_అక్క:
ఆ ఉట్టి కింద ఆమెతో పాటు పిల్లికి కాపలా కాసింది ఎవరో కూడా చెప్పండి.

రసమట్టం:
ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేయడమే నా పని. తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి వైపు తిరుగుతుంటాను. అక్కగారు లోపలి కొలత చెప్పారు, నేను బయటి కొలత చెబుతాను.

36 అంగుళాల గూడు మీకు సరిపోదు. ఈ తరగతి ఫ్రిజ్‌లు చాలా వరకు 91 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి, అంటే దాదాపు 36 అంగుళాలే. గూడు కూడా అంతే ఉంటే ఫ్రిజ్ దూరుతుందేమో కానీ బతకదు. పాత ఫ్రిజ్‌లకు వీపున నల్లటి జల్లెడలాంటి గొట్టాలు కనిపించేవి. ఇప్పటి వాటిలో ఆ గొట్టాలు పక్కగోడల రేకు వెనకే దాగి ఉంటాయి. లోపలి వేడి బయటికి పోవాల్సింది ఆ గోడల నుంచే. అందుకే పక్కలు వేడిగా తగులుతాయి, అది జబ్బు కాదు. ఆ వేడికి దారి లేకపోతే మాత్రం జబ్బే.

ఖచ్చితమైన ఖాళీ ప్రతి మోడల్‌కూ దాని పుస్తకంలో ఉంటుంది, కొనకముందే కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు. నా లెక్క అడిగితే పక్కలా వెనకా చెరో 5 సెంటీమీటర్లు, పైన 10 సెంటీమీటర్లకు తగ్గనివ్వను. గూడు 40 అంగుళాలు చేయించండి. ఒక పక్క గోడ ఉంటే ఇంకా కావాలి. తలుపు 90 డిగ్రీలు తెరుచుకుంటే చాలనుకుంటారు. లోపలి సొరుగు బయటికి రావాలంటే తలుపు అంతకన్నా ఎక్కువ తెరుచుకోవాలి, గోడ అడ్డు వస్తే కూరల సొరుగును కడగడానికి కూడా తీయలేరు. అన్నింటికన్నా ముఖ్యం, గూడు పైన అటక కట్టించి ప్లైవుడ్‌తో మూసేయకండి. వేడిగాలి పైకే పోతుంది.

వంటింటి ద్వారం ఎంత? రెండున్నర అడుగులైతే 76 సెంటీమీటర్లు. తలుపులు విప్పితే ఫ్రిజ్‌ను పక్కవాటుగా లోపలికి తేవచ్చు, విప్పకపోతే రాదు. విప్పడం, మళ్లీ బిగించడం తెచ్చేవాళ్ల పనా, బిగించేవాళ్ల పనా అన్నది డబ్బు కట్టక ముందే కాగితం మీద రాయించుకోండి. వంద కిలోలు దాటిన సరుకు మెట్ల మధ్యలో ఆగిపోయాక బేరం కుదరదు.

మీటర్_రీడింగ్:
విద్యుత్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. రెండు విషయాలు.

మొదటిది స్టార్లు. ఎన్ని నక్షత్రాలని లెక్కపెట్టడం కాదు, ఆ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అచ్చువేసి ఉంటుంది, అది చదవండి. నక్షత్రాలు పరిమాణాన్ని బట్టి ఇస్తారు కాబట్టి చిన్న ఫ్రిజ్ మూడు నక్షత్రాలు, పెద్ద ఫ్రిజ్ మూడు నక్షత్రాలు ఒకే కరెంటు తాగవు. రెండు మోడళ్ల మధ్య ఏడాదికి 100 యూనిట్ల తేడా ఉందనుకుందాం. యూనిట్ 6 రూపాయలైతే ఆదా 600. ఆ నక్షత్రం కోసం 15,000 ఎక్కువ పెడితే తిరిగి రావడానికి పాతికేళ్లు పడుతుంది. దుకాణంవాళ్లు ఈ భాగహారం చేసి చూపించరు.

రెండోది వోల్టేజీ. మనకు రావాల్సింది 230 వోల్టులు, నిబంధన ప్రకారం 6 శాతం అటూ ఇటూ. వేసవి సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ మొదలయ్యాక మీ ఇంట్లో ఎంత వస్తోందో మల్టీమీటర్‌తో చూడండి. స్టెబిలైజర్ అక్కర్లేదు అన్న మాట ఫ్రిజ్ తట్టుకునే పరిధిలో నిజమే. ఆ పరిధి ఎంతో పుస్తకంలో చూసుకోండి. తక్కువ వోల్టేజీ కన్నా నాకు భయం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగడం గురించి. స్తంభం మీద న్యూట్రల్ వదులైతే 230 రావాల్సిన ఇంటికి 300, ఒక్కోసారి 400 దాకా వచ్చేస్తుంది. కంప్రెసర్ కన్నా ముందు పోయేది ఎలక్ట్రానిక్ బోర్డు. కాబట్టి ఎక్కువ వోల్టేజీకి ఠక్కున ఆపే స్టెబిలైజర్ గానీ, మెయిన్ బోర్డులో అలాంటి రక్షణ గానీ పెట్టించండి. దీపాలు ఒక గదిలో మితిమీరి వెలుగుతూ మరో గదిలో గుడ్డిగా ఉంటే వెంటనే మెయిన్ దించి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి.

కొత్త ఇల్లు కదా, ఎర్తింగ్ కూడా చూడండి. ఫేజుకు ఎర్త్‌కు మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫ్రిజ్‌కు విడిగా 16 ఆంపియర్ల ప్లగ్గు, అది కూడా గూడు వెనక కాకుండా పక్కన చేతికందే చోట పెట్టించండి.

కరకంబాడి_రోడ్డు:
ఎంత వివరంగా చెప్పారు! గూడు 40 అంగుళాలు చేయమని చెప్పేశాను, మొహం చిట్లించారు. ఒక సందేహం. 2025లో మన శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఎల్‌జీ కొత్త కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది కదా. ఇక్కడే తయారైతే విడిభాగాలు తొందరగా దొరుకుతాయా? అది చూసుకుని కంపెనీని ఎంచుకోవచ్చా?

రసమట్టం:
కర్మాగారం గేటు దగ్గరే కాపురమున్నా బోర్డు రావాల్సింది కంపెనీ గోదాము నుంచే. మీరు చూడాల్సింది సర్వీసు. తిరుపతిలో వాళ్ల సొంత సర్వీసు కేంద్రం ఉందా, చెన్నై నుంచి మనిషి రావాలా? ఫలానా మోడల్ బోర్డు ఎన్నాళ్లలో తెప్పిస్తారు? ఫోను చేసి అడగండి. జర్మన్ పేరున్న ఖరీదైన వాటి పనితనంలో వంక పెట్టలేం. కానీ చిన్న ఊళ్లో వాటి తలుపు రబ్బరు కోసం ఎదురుచూసిన ఇళ్లు నాకు తెలుసు.

పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో అంటించేది కంప్రెసర్ ఒక్కదానికే. బోర్డు, ఫ్యాను, గ్యాసు, మనిషి కూలి చాలావరకు అందులో లేవు. వారంటీ కార్డు దుకాణంలోనే చదవండి.

ఇంకోటి, లోపలి గోడ మీద అంటించిన చిన్న ప్లేటులో వాతావరణ తరగతి ఉంటుంది. ఎన్ అంటే చుట్టూ 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ అంటే 38 వరకు, టీ అంటే 43 వరకు పనిచేసేలా తయారైనది. మే నెలలో 40 దాటడం మనకు కొత్త కాదు. టీ లేనిది మన ఊరికి తీసుకోకండి.

చల్లకుండ:
తెర ఉన్న తలుపు గురించి ఎవరూ చెప్పలేదే?

రసమట్టం:
తలుపులో నీళ్ల కుళాయి, తెర, మంచు యంత్రం, ఒక్కోటీ పెరిగే కొద్దీ చెడిపోయేవి కూడా పెరుగుతాయి. డబ్బుంటే ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునేది) మీద, వేర్వేరు శీతలీకరణ మీద, గట్టి సొరుగుల మీద పెట్టండి. తెర మీద వంటలు చూస్తూ తలుపు తీసి నిలబడే ఇల్లు ఒకటి చూశాను, నెల బిల్లు చూసి నన్ను పిలిచారు.

కరకంబాడి_రోడ్డు:
మే నెల కబురు. ఫ్రెంచ్ డోర్ రకం, టీ తరగతిది తీసుకున్నాం. తెర లేదు. వంటింటి ద్వారం దగ్గర తలుపులు విప్పి, మళ్లీ బిగించారు. ఇప్పుడు రెండు తలుపులూ పైన సమంగా లేవు, ఎడమది కాస్త కిందికి దిగినట్టుంది. స్విచ్ ఎప్పుడు వేయాలి? ఒకరు వెంటనే అంటున్నారు, ఒకరు మర్నాడు అంటున్నారు.

రసమట్టం:
నిలబెట్టే తెచ్చారా? అయితే రెండు మూడు గంటలు ఆగితే చాలు. పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పోతుంది, అది దిగివచ్చేదాకా ఆగాలి. ఒక రాత్రి ఆగడం మంచిది.

తలుపుల తేడాకు ముందు నేల చూడండి. ఫ్రిజ్ మీద రసమట్టం పెట్టి అడ్డంగా సమం చేయండి. ముందు కాళ్లు తిప్పి ముందుభాగం పిసరంత ఎత్తుగా ఉంచండి, తలుపు సగం వదిలినా దానంతటదే మూసుకోవాలి. అప్పటికీ తేడా ఉంటే కింది కీలు దగ్గర సరిచేసే మర ఉంటుంది, లేదా చిన్న పొరలు దూర్చాలి. రెండు తలుపుల మధ్య నిలువుగా ఒక పట్టీ మడిచినట్టు ఉంటుంది చూడండి. ఎడమ తలుపు మూసే ముందు అది లోపలికి మడిచి ఉండాలి. అది విప్పి ఉండగానే తలుపు మూస్తే పట్టీయే విరుగుతుంది, పిల్లలకు చెప్పండి.

స్విచ్ వేశాక ఫ్రిజ్ 3 లేదా 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర పెట్టి ఒక రోజు వదిలేయండి. మొదటి గంటలోనే పిండి గిన్నె తోయకండి.

కట్టమంచి_చిత్తూరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది చిత్తూరు కట్టమంచి. మా పక్కింటివాళ్లు మొన్న పెద్ద ఫ్రిజ్ కొన్నారు. దీపాలు వెలుగుతున్నాయి, అంకెలు కనిపిస్తున్నాయి, రాత్రంతా వదిలినా చల్లదనం లేదు. కంప్రెసర్ పోయిందంటారా?

రసమట్టం:
పక్కగోడలు కొంచెమైనా వెచ్చబడ్డాయా? లేదంటే అది డెమో పద్ధతిలో ఉంది. దుకాణంలో కరెంటు ఖర్చు లేకుండా దీపాలు మాత్రం వెలిగేలా పెట్టుకుంటారు. ఏ మీటలు కలిపి నొక్కితే పోతుందో పుస్తకంలో ఉంటుంది. పోయాక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పెట్టె విప్పని సరుకైతే ఆ పద్ధతిలో ఎందుకుంది? తయారీ తేదీ చూడమనండి.

కట్టమంచి_చిత్తూరు:
మీటలు నొక్కగానే కంప్రెసర్ మొదలైందట. తయారీ తేదీ చూసి దుకాణానికి వెళ్లారు, ధర తగ్గించే దాకా కదలలేదు!

కరకంబాడి_రోడ్డు:
మళ్లీ నేనే. తలుపులు సమమయ్యాయి, కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పైభాగంలో 9, 10 డిగ్రీలు చూపిస్తోంది. పొద్దునకు మళ్లీ 5. ఫ్రీజర్ గట్టిగానే ఉంది. కంప్రెసర్ ఆగకుండా మోగుతోంది, పక్కలు చేయి పెట్టలేనంత వేడి. సర్వీసు మనిషి రావడానికి వారం పడుతుందట.

మీటర్_రీడింగ్:
ఆ వేళకు వోల్టేజీ?

కరకంబాడి_రోడ్డు:
చూశాను. 215 నుంచి 225 మధ్య.

రసమట్టం:
కరెంటు బాగుంది. చూపే అంకెను పక్కన పెట్టి, మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి సాయంత్రం చూడండి. పొద్దున బాగుండి, ఎండ వేళకు చెడుతోందంటే నా అనుమానం గూటి మీద. ఒక ఫోటో పెట్టండి. అలాగే లోపల వెనక గోడకు గాలి వచ్చే రంధ్రాల ముందు ఏముందో చూడండి.

కరకంబాడి_రోడ్డు:
ఫోటో పెట్టాను. నీళ్లు 8 డిగ్రీలు. గూడు పైన చిన్న అటక వచ్చింది, ఆవిడ కోరిక. లోపల రంధ్రాల ముందు పిండి గిన్నె, దాని మీద పెరుగు గిన్నె.

తిరుచానూరు_అక్క:
ఆవిడ కోరిక కాదు నాయనా, అటక లేని వంటిల్లు మన ఇళ్లలో ఉండదు. అటకకు గాలి దారి పెట్టించని మేస్త్రీని అనండి.

రసమట్టం:
అటక అడుగు పలక ఫ్రిజ్ నెత్తిని ఆనుకునే ఉంది. వేడిగాలి వెనక నుంచి పైకొచ్చి అక్కడే తిరుగుతోంది. వడ్రంగిని పిలిచి ఆ పలకను ముందూ వెనకా కోయించి జాలీ బిగించండి. ముందు ప్రయోగం చేయండి: ఫ్రిజ్‌ను గూటి నుంచి ఒక అడుగు ముందుకు లాగి, గిన్నెలను రంధ్రాలకు అడ్డం లేకుండా జరిపి ఒక రోజు చూడండి. సరిపోతే మెషీన్‌లో లోపం లేనట్టే.

కరకంబాడి_రోడ్డు:
అడుగు ముందుకు లాగాను. రాత్రి ఎనిమిదింటికి నీళ్లు 4 డిగ్రీలు! కంప్రెసర్ చప్పుడు కూడా తగ్గింది. వడ్రంగి వస్తున్నాడు.

కట్టమంచి_చిత్తూరు:
ఇప్పుడు మా ఇంటి గొడవ. ఇది ఐదేళ్ల నాటి పక్కపక్క తలుపులది. ఫ్రీజర్ పర్వాలేదు, ఫ్రిజ్ వైపు అసలు చల్లదనం లేదు. వారంటీ అయిపోయింది. సర్వీసు కేంద్రం నుంచి వచ్చినతను తలుపు తీసి చూసి, వెనక చేయి పెట్టి, గ్యాసు పోయింది, నింపాలి, తొమ్మిది వేలు అన్నాడు. ఏ మీటరూ తీయలేదు. అడిగితే అనుభవం అన్నాడు.

రసమట్టం:
గ్యాసు పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతక్కుండా నింపితే మీ డబ్బు కూడా అదే దారిన పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఏ వాడతారు, అది మండే వాయువు. దాన్ని వాక్యూమ్ పంపు పెట్టి, తూకం వేసి గ్రాముల లెక్కన నింపాలి. ఫిల్టర్ మార్చాలి. తూకం యంత్రం లేకుండా వచ్చినవాణ్ని గొట్టం కోయనివ్వకండి.

మీ ఇంట్లో తేల్చుకునే దారి ఇది. ప్లగ్గు తీసి, ఫ్రీజర్ లోపల వెనక పలక విప్పండి. లేదా తెలిసిన మెకానిక్‌తో విప్పించండి. దాని వెనక అల్యూమినియం రెక్కల చుట్ట కనిపిస్తుంది. పలచటి మంచు అన్ని వరసల మీదా సమంగా ఉంటే గ్యాసు సరిగ్గా ఉన్నట్టు. ఒక మూల రెండు మూడు వరసల మీదే మంచుండి మిగతా చుట్ట పొడిగా ఉంటే గ్యాసు తక్కువ. చుట్ట మొత్తం కనిపించకుండా తెల్లటి గడ్డ కట్టేసి ఉంటే మంచు కరిగించే హీటరో, దాని సెన్సారో పోయింది. అప్పుడు ఫ్యాను ఊదే గాలి ఆ గడ్డను దాటి ఫ్రిజ్ వైపు రాదు, ఫ్రీజర్ మాత్రం చల్లగానే ఉంటుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇలాంటిదే.

కట్టమంచి_చిత్తూరు:
విప్పించాను. చుట్టే కనిపించలేదు. గోడలాగా మంచు, ఫ్యాను రెక్క అంచు అందులో ఇరుక్కుని ఉంది. కింద నీళ్లు పోయే రంధ్రం కూడా మంచుతో పూడిపోయింది.

రసమట్టం:
గ్యాసు ఉన్నట్టే. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ఒక్క గీత పడితే అప్పుడు నిజంగానే గ్యాసు పోతుంది. తలుపులు తెరిచి ఒక రోజు వదిలేయండి, కింద గుడ్డలు పరవండి. రంధ్రంలో గోరువెచ్చని నీళ్లు పోస్తే కంప్రెసర్ మీది పళ్లెంలోకి దిగాలి. తర్వాత హీటర్‌ను, సెన్సార్‌ను మీటరుతో చూసి పోయినది మార్చాలి. కరిగించి వదిలేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ గడ్డ కడుతుంది.

కట్టమంచి_చిత్తూరు:
సెన్సార్ పోయింది. మనిషి కూలితో కలిపి రెండు వేల లోపే అయింది. తొమ్మిది వేలు అడిగినవాళ్లను వదలాలా?

మీటర్_రీడింగ్:
డబ్బు కట్టలేదు కాబట్టి కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కట్టి మోసపోయినవాళ్లయితే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. మీకు చిత్తూరులో, తిరుపతివాళ్లకు 2022లో జిల్లా వేరుపడింది కదా, వాళ్లు ఎక్కడ వేయాలో ముందు కనుక్కోండి. సర్వీసు కాగితం లేకుండా మాత్రం ఎక్కడికీ వెళ్లకండి.

కరకంబాడి_రోడ్డు:
జాలీ బిగించారు, ఫ్రిజ్ గూట్లోకి వెళ్లింది, 4 డిగ్రీలు. చివరి ప్రశ్న. మంచు యంత్రానికి నీటి గొట్టం కలపాలి. మా బోరు నీళ్లు గిన్నెల మీద తెల్లటి పొర కడతాయి. ఆర్వో నుంచి కలపవచ్చా?

రసమట్టం:
బోరు నీళ్లు నేరుగా ఇస్తే వాల్వులో సున్నం పేరుకుంటుంది. ఆర్వో నీళ్లు మంచివే కానీ ఆర్వో తొట్టి నుంచి వచ్చే ఒత్తిడి తక్కువ. ఒత్తిడి చాలకపోతే మంచుముక్కలు చిన్నవిగా, మధ్యలో బోలుగా వస్తాయి. మీ పుస్తకంలో కనీస ఒత్తిడి రాసి ఉంటుంది, దానికి తగిన చిన్న పంపు ఆర్వోవాళ్లే పెడతారు. గొట్టానికి విడిగా ఒక కుళాయి చేతికందేలా పెట్టించండి, ఊరెళ్లేటప్పుడు కట్టేయడానికి. మొదట వచ్చిన మంచు పారబోయండి.

తిరుచానూరు_అక్క:
పాత ఫ్రిజ్ ఎక్స్ఛేంజిలో ఇచ్చేశారా? ఇవ్వకపోతే బ్రహ్మోత్సవాలయ్యే దాకా వరండాలో ఉంచండి. ఆ తొమ్మిది రోజులు మీ 600 లీటర్లు కూడా చాలవు.

కరకంబాడి_రోడ్డు:
ఇచ్చేశాం అక్కా.

చల్లకుండ:
మా ఉట్టి ఖాళీగానే ఉంది, పంపమంటారా?